బంతి చేతిలో లేనప్పుడు



పోయిన నెల ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో 'అఫెన్సివ్ కన్సల్టెంట్' అనే మాట వచ్చింది. వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. "మేడం, అందరినీ తిట్టడానికి కూడా సలహాదారుని పెట్టుకుంటారా?" క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. నిజానికి అది మంచి ప్రశ్న. 'అఫెన్స్' అంటే మనకు తెలిసింది నేరం, లేదా ఎదుటివారి మనసు నొప్పించడం. అమెరికాలో ఆటల విషయానికి వస్తే అదే మాటను మొదటి అక్షరం మీద ఒత్తి 'ఆఫెన్స్' అంటారు. అప్పుడు అర్థం దాడి, అంటే బంతి మన జట్టు దగ్గర ఉన్నప్పుడు పాయింట్లు తెచ్చుకునే పద్ధతి. ఒత్తు మారితే అర్థం మారిందని పిల్లలు నోట్సులో రాసుకున్నారు. పాఠం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అదే వారం పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను ఆపారు. మన గ్రౌండులో వారానికి రెండు సాయంత్రాలు రిటైరైన కాలేజీ పీడీ సార్ ఒకరు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నారు కదా, దాని గురించి. "మూడు నెలలైంది మేడం. మా వాడు ఒక్క బాస్కెట్ వేశానని ఇంటికొచ్చి చెప్పలేదు. ఆ సార్ అసలు బంతే ఇవ్వరట, ఊరికే అటూ ఇటూ నడిపిస్తారట. దీనికి మళ్ళీ వేరే ఫీజా?" ఆ సాయంత్రాల్లో నా పని హాజరు వేసుకోవడం వరకే. ఆయనకు అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఆయనకే కాక మీ అందరికీ చెప్పాలనిపించింది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పీట్ కరిల్ అనే కోచ్ ఉండేవారు. 1930లో పెన్సిల్వేనియాలోని బెత్లహామ్‌లో పుట్టారు. తండ్రి స్పెయిన్ నుంచి వలస వచ్చి అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసిన మనిషి. కరిల్ పొట్టిగా, ఎప్పుడూ నలిగిన స్వెటర్లో కనిపించేవారు. 1967 నుంచి 1996 వరకు 29 ఏళ్ళు ప్రిన్స్‌టన్ జట్టుకు నేర్పారు. ఆ యూనివర్సిటీ ఆటగాళ్ళకు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పులు ఇవ్వదు. కాబట్టి దేశంలోకెల్లా ఎత్తయిన, వేగమైన కుర్రాళ్ళు మిగతా చోట్లకు పోతారు. ఈయన దగ్గరకు వచ్చేది ముందు చదువులో సీటు తెచ్చుకున్నవాళ్ళు. ఎగరడంలో పోటీ పడలేని పిల్లలతో పాయింట్లు ఎలా తెప్పించాలన్నది ఆయన జీవితమంతా వేసుకున్న లెక్క.

ఆ లెక్కకు ఆయన జవాబు ఇంట్లోనే చేసి చూడొచ్చు. భోజనాల బల్ల మీద ఐదు గ్లాసులు పెట్టండి, అది మన జట్టు. ఒక్కో గ్లాసు పక్కన ఒక గిన్నె పెట్టండి, అది దాన్ని కాపలా కాసే ఎదుటి ఆటగాడు. బల్ల చివర ఒక పళ్ళెం పెట్టండి, అది బాస్కెట్. మామూలుగా అందరికంటే పొడుగు గ్లాసును పళ్ళెం పక్కనే నిలబెడతారు. కరిల్ దాన్ని ముందుకు, దూరంగా తెచ్చి బంతి దాని చేతికిచ్చేవారు. దాంతో దాన్ని కాసే పొడుగు గిన్నె కూడా పళ్ళెం వదిలి రావాలి. ఇప్పుడు పళ్ళెం చుట్టూ ఖాళీ. పక్కనున్న చిన్న గ్లాసు బంతి అందుకోవడానికి అన్నట్టు ఒక అడుగు ముందుకు వేస్తుంది. దాని గిన్నె అడ్డుకోవడానికి తొందరపడి ముందుకు వస్తుంది. ఆ క్షణంలోనే గ్లాసు వెనక్కి తిరిగి, గిన్నె వీపు వెనక నుంచి పళ్ళెం వైపు పరుగు తీస్తుంది. బంతి నేల తాకి దాని చేతిలోకి వస్తుంది. దీన్ని 'బ్యాక్‌డోర్' అంటారు. మనం పెరటి దారి అనుకుంటే సరిపోతుంది.

ఇందులో బలం కంటే చూపు ముఖ్యం. గిన్నె ముందుకు రాకపోతే గ్లాసు వెనక్కి తిరగకూడదు, అక్కడే బంతి తీసుకుని వేసేయాలి. ఏది చెయ్యాలో బయటి నుంచి కోచ్ అరిచి చెప్పేలోగా సమయం దాటిపోతుంది. ఎదుటివాడి అడుగు చూసి పిల్లవాడే తేల్చుకోవాలి. అందుకే ఈ పద్ధతిలో సాధన ఎక్కువగా బంతి లేని నలుగురికే.

1996 మార్చిలో కరిల్ రిటైర్మెంట్ ప్రకటించారు. కొద్దిరోజులకే జాతీయ టోర్నమెంటులో ప్రిన్స్‌టన్‌కు యూసీఎల్ఏ ఎదురైంది. వాళ్ళు అంతకుముందు ఏటి చాంపియన్లు. చివరి నిమిషాల వరకూ ప్రిన్స్‌టన్ 34-41తో వెనకబడే ఉంది. అక్కడి నుంచి యూసీఎల్ఏకు ఒక్క పాయింటు కూడా రాలేదు. ఇంకా 4 సెకన్లు కూడా మిగలని సమయంలో జట్టులోని పొడుగు కుర్రాడు ముందుకు వచ్చి బంతి పట్టుకున్నాడు, మొదటి సంవత్సరం కుర్రాడు పెరటి దారిన పరుగెత్తాడు. 43-41. ఆ పరుగు వాళ్ళు ఎన్ని సాయంత్రాలు సాధన చేసి ఉంటారో ఊహించుకోండి.

ఆ తర్వాతే మన అసలు విషయం. ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగులో శాక్రమెంటో కింగ్స్ జట్టు వ్యవహారాలు చూసే జెఫ్ పెట్రీ, రిటైరైన కరిల్‌ను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకున్నారు. పెట్రీ ఒకప్పుడు ప్రిన్స్‌టన్‌లో కరిల్ శిష్యుడే. పాతికేళ్ళు దాటాక శిష్యుడు గురువుకు ఉద్యోగం ఇచ్చాడన్నమాట. హెడ్ కోచ్ వేరే ఉంటారు, గెలుపోటములకు ఆయనే బాధ్యుడు. కరిల్ పని దాడి ఎలా చెయ్యాలో నేర్పడం. కాలేజీ ఆటలో అప్పుడు ఒక్కో దాడికి 35 సెకన్లు ఉండేవి, ఎన్‌బీఏలో 24 మాత్రమే. ప్రిన్స్‌టన్ నిదానం అక్కడ చెల్లదు. 66 ఏళ్ళ వయసులో ఆయన తన పాఠాన్నే కుదించుకోవలసి వచ్చింది.

మరి ఫలితం? ఒక్కో సీజన్‌లో 82 మ్యాచులు. ఆయన వచ్చిన మొదటి సీజన్‌లో కింగ్స్ గెలిచింది 34. రెండో సీజన్‌లో 27.

ఇక్కడ కాసేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను. మనమే ఆ జట్టు యజమానులమైతే రెండో సీజన్ చివర ఏమని ఉండేవాళ్ళం? నేనైతే, నిజం చెప్తున్నాను, ముసలాయనను గౌరవంగా పంపించేయమని ఉండేదాన్ని.

పెట్రీ పంపలేదు. 1998లో రిక్ ఎడెల్మన్ హెడ్ కోచ్‌గా వచ్చారు. క్రిస్ వెబర్, వ్లాడే డివాట్స్ చేరారు. ఇద్దరూ బాగా పొడుగు, ఇద్దరూ బంతిని చక్కగా అందించగలవాళ్ళు, అంటే మన బల్ల మీద ముందుకు తెచ్చిన పొడుగు గ్లాసులు. 1999-2000లో 44 గెలుపులు, తర్వాత 55, 2001-02లో 61. ఈ ఘనత అంతా కరిల్‌దే అంటే అబద్ధమవుతుంది. ఆటగాళ్ళు మారారు, హెడ్ కోచ్ మారారు. కానీ కొత్తవాళ్ళు వచ్చేసరికి నేర్పే మనిషి అక్కడ సిద్ధంగా ఉన్నారు.

ఆ 27 గెలుపుల సీజన్‌లో హెడ్ కోచ్ ఎడ్డీ జోర్డన్. ఆయన ఉద్యోగం పోయింది. కానీ కరిల్ దగ్గర నేర్చుకున్నది పోలేదు. న్యూజెర్సీ నెట్స్‌లో అసిస్టెంట్‌గా చేరి అదే పద్ధతి నేర్పితే, ఆ జట్టు 2002లోనూ 2003లోనూ ఫైనల్స్ ఆడింది. 2002లో కింగ్స్‌ను ఏడో మ్యాచ్ అదనపు సమయంలో ఓడించి ఫైనల్స్‌కు వెళ్ళిన లేకర్స్ బెంచీ మీద కూడా ఒక పాత కాలేజీ కోచ్ ఉన్నారు, టెక్స్ వింటర్. ఆయనను 1985లో, 63 ఏళ్ళ వయసులో, షికాగో బుల్స్ తీసుకుంది. మొదటి నాలుగేళ్ళు ఆయన పద్ధతిని అక్కడి హెడ్ కోచ్‌లు పెద్దగా పట్టించుకోలేదు. 1989లో ఫిల్ జాక్సన్ హెడ్ కోచ్ అయ్యాకే దానికి చోటు దొరికింది. 1991లో బుల్స్ మొదటిసారి చాంపియన్లయ్యారు.

మళ్ళీ మన గ్రౌండుకు వద్దాం. పీడీ సార్ కరిల్ అంతటివారని నేను అనడం లేదు. మూడు నెలలకే తీర్పు చెప్పడం నాకు చేతకాదు. ఫీజు గురించి అడిగే హక్కు మీకుంది, అడగండి. కానీ ఈసారి నేను హాజరు పుస్తకం మూసేసి ఆట చూశాను. సార్ ఒక అబ్బాయిని ఆపి, "ఇప్పుడెందుకు తిరిగావు నాన్నా?" అని అడిగారు. "వాడు నా మీదకి వచ్చాడు సార్," అన్నాడు. సార్ ఇంకేమీ అనకుండా ఆట కొనసాగించమన్నారు.

ఆ అబ్బాయి ఆ నాన్నగారి కొడుకే. శనివారం సాయంత్రం నాలుగున్నరకు ప్రాక్టీసు ఉంది, గేటు తెరిచే ఉంటుంది. వస్తే బంతిని కాసేపు వదిలేసి, మీ వాడి కాళ్ళు చూడండి.