అంకెకు అర్థం: ఆసుపత్రి నివేదిక – న్యాయ విచారణ

ఒక వాక్యానికి అర్థం చెప్పునపుడు పదాలను మాత్రమే చూచిన చాలదు. ఆ మాట దేనిని గురించి, ఎట్లు, ఎప్పుడు పుట్టినదో కూడ విచారించవలెను. మద్యం సేవించి వాహనం నడిపిన కేసులలో న్యాయస్థానం ముందుకు వచ్చే ఆసుపత్రి నివేదికకు సైతం ఈ నియమమే వర్తిస్తుంది. అందులోని ఒక్క అంకెపై నిందితుని స్వేచ్ఛ, జీవనోపాధి ఆధారపడి ఉంటాయి. ప్రమాదంలో దెబ్బతిన్న కుటుంబానికి దక్కవలసిన న్యాయం కూడ దానినే ఆశ్రయించి ఉంటుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి మద్యసారం ఉన్న స్థితిలో వాహనం నడుపుట నేరం. అంతకుముందు శ్వాస పరీక్షను మాత్రమే పేర్కొన్న ఈ సెక్షన్‌లో 2019 సవరణ ప్రయోగశాల పరీక్షను కూడ చేర్చినది. చట్టం వాడిన పదం 'రక్తం' అని విద్యార్థులు గమనించవలెను.

ఆసుపత్రులు సాధారణంగా పరీక్షించేది రక్తాన్ని కాదు, సీరంను. రక్తం గడ్డకట్టిన తరువాత పైకి తేరే లేత పసుపు ద్రవమే సీరం. మద్యసారం నీటితో కలిసి ఉండే పదార్థం. సీరంలో నీటి పాలు ఎక్కువ. కనుక అదే మనిషి సీరంలో మద్యసారం రక్తంలో కంటె సగటున సుమారు 1.14 రెట్లు ఉంటుంది. సీరంలో 33 మి.గ్రా. అని నివేదిక చెప్పినచో, రక్తంలో ఉన్నది సుమారు 29 మాత్రమే. అనగా అది చట్టపు హద్దుకు లోపలే. ఈ నిష్పత్తి మనిషి మనిషికీ కొంత మారుతుంది కూడ.

ఇక పద్ధతి. ఆసుపత్రి యంత్రాలు అనేకం ఎంజైము చర్య ఆధారంగా కొలుస్తాయి. తీవ్రంగా గాయపడినవారి దేహంలో లాక్టేట్ పెరిగినపుడు ఈ కొలత అరుదుగా వాస్తవం కంటె హెచ్చుగా రావచ్చును. గ్యాస్ క్రొమటోగ్రఫీ మద్యసారాన్ని ఇతర పదార్థాల నుండి వేరుపరచి కొలుస్తుంది కనుక అది ఎక్కువ విశ్వసనీయం. సూది గుచ్చే చోట స్పిరిటు దూది వాడినారా, నమూనాకు సోడియం ఫ్లోరైడు కలిపినారా, సీసాకు సీలు వేసినారా అన్నవి కూడ అడుగదగిన ప్రశ్నలే.

మూడవది కాలం. దేహం గంటకు 100 మి.లీ. రక్తంలో సుమారు 15 మి.గ్రా. చొప్పున మద్యసారాన్ని తొలగిస్తుంది. ప్రమాదం జరిగిన రెండు గంటలకు తీసిన నమూనా ప్రమాద సమయపు స్థితిని యథాతథంగా చెప్పదు. అందుకే 202వ సెక్షన్, అరెస్టయిన రెండు గంటలలోగా వైద్యపరీక్ష జరుగవలెనని నిర్దేశించినది.

ఇదంతా తాగి నడిపినవానికి తప్పించుకొను మార్గం చూపుటకు కాదు. సీరంలో 150 వచ్చినవానికి లెక్క సవరించినను 132 మిగులుతుంది, అతడు దోషియే. హద్దుకు దగ్గరలో నిలిచినవాని విషయంలోనే ఈ వివేచన అవసరం. రేపు మీలో కొందరు వైద్యులు, కొందరు న్యాయవాదులు కాగలరు. అంకె చేతికి అందినపుడు మూడు ప్రశ్నలు వేయుడు: దేనిలో? ఎట్లు? ఎప్పుడు? సమాధానం దొరకిన పిదపనే తీర్పు చెప్పుడు.