ఆ ఉలిపిర్లు ఎవరి మీదా సాక్ష్యం చెప్పవు

అక్కా,
మాది చెన్నూరు. నాకు 29 ఏళ్లు, పదేళ్ల పాప ఉంది. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. పోయిన ఎండాకాలం సెలవుకొచ్చి రెండు నెలలుండి పోయినాడు. ఆయన పోయిన నాలుగు నెలలకు నాకు ఆ చోట చిన్న చిన్న ఉలిపిర్లు లేచినాయి. నొప్పి లేదు, అప్పుడప్పుడూ దురద. తెలిసినామె జీడినూనె పూయమంటే పూసినా, కాలి పుండైంది. ఫోన్లో ఆయనకు చెప్తే, ‘నాకు మెడికల్‌లో అంతా బాగుందన్నారు, నీ సంగతి చూసుకో’ అన్నాడు. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. నేనే తప్పూ చేయలేదక్కా. ఇది ఎయిడ్సా? క్యాన్సరా? పాప నా పక్కనే పడుకుంటాది, దానికీ అంటుతుందా?
- పేరు వద్దు, చెన్నూరు

చెల్లెమ్మా,
ముందు ఆ మెడికల్ సంగతి. గల్ఫ్‌కు పోయేవాళ్లకు హెచ్ఐవీ, కామెర్ల వైరస్‌లు, సిఫిలిస్, క్షయ పరీక్షలు చేస్తారు. ఉలిపిర్లు తెప్పించే హెచ్‌పీవీ వైరస్‌ను చూడరు. మగవాళ్లలో దాన్ని పట్టే మామూలు పరీక్ష కూడా లేదు. కాబట్టి ఆ కాగితం చూపి నిన్ను అనుమానించే హక్కు ఆయనకు లేదు. నువ్వూ ఆయన మీద నింద వేయలేవు. ఈ వైరస్ చేరిన కొన్ని వారాలకో నెలలకో ఉలిపిరి లేస్తుంది, ఒక్కోసారి ఏళ్లపాటు ఏ గుర్తూ లేకుండా ఉండిపోతుంది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ డాక్టరూ తేల్చలేడు.

ఇది ఎయిడ్స్ కాదు. ఇలాంటివాటిలో నూటికి తొంభై వరకు 6, 11 రకాల వైరస్‌తో వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యేవి వేరే, అవి 16, 18 రకాలు.

జీడినూనె, సున్నం, వెంట్రుక కట్టడం, చేతి ఉలిపిర్లకు షాపులో అమ్మే మందు, ఏదీ అక్కడ పెట్టొద్దు. పుండు మానకముందే కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లు. ఆడ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడకు. సిఫిలిస్‌లోనూ ఇలాంటి బుడిపెలే వస్తాయి, దాని మందు వేరు. అందుకే దానికీ హెచ్ఐవీకీ రక్తపరీక్ష చేస్తారు, భయపడకు. ఉలిపిర్లే అయితే పోడోఫిలిన్ పూస్తారు, లేదా ద్రవ నత్రజనితో గడ్డకట్టిస్తారు, కరెంటుతో కాలుస్తారు. ఇంట్లో పూసుకునే క్రీములూ ఉన్నాయి. గర్భం ఉందేమోనన్న అనుమానముంటే ముందే చెప్పాలి, పోడోఫిలిన్ గర్భిణులకు వాడరు. ఒక్కసారితో పోకపోవచ్చు. మొదటి మూడు నెలల్లో మళ్లీ లేవడం మామూలే, వైద్యం పనిచేయలేదనుకోవద్దు.

పాపను దూరం పెట్టకు. పక్కన పడుకుంటే అంటుకునేది కాదిది. మందు పూసుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు. దాని వయసుకే హెచ్‌పీవీ టీకా బాగా పనిచేస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించాలి. పుణే సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వవాక్ 6, 11, 16, 18 నాలుగింటినీ అడ్డుకుంటుంది. ఉన్న ఉలిపిర్లను మాత్రం టీకా తగ్గించదు. నీకు 30 నిండగానే గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకో.

ఆయన వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చూపించుకోండి. ఉలిపిర్లు తగ్గేదాకా కలవకపోవడం మేలు. కండోమ్ కొంతవరకే కాపాడుతుంది, అది కప్పని చర్మం నుంచీ వైరస్ అంటుతుంది.

ఈసారి ఆయన ఫోన్ చేస్తే వాదన పెట్టుకోకుండా ఈ జవాబు చదివి వినిపించు. ఆయన వచ్చేదాకా ఆగకుండా నువ్వు మాత్రం ఈ వారమే కడప బస్సెక్కు.