లాటినుభాషలోని సంతోషవాచకములు

లాటినుభాషలో సంతోషమునకు ఏమందురని మా తరగతి విద్యార్థి యొకఁడు నన్నడిగెను. నాలుగు పదములు చెప్పితిని. అతఁడు నాలుగింటి యెదుటను 'సంతోషము' అనియే వ్రాసికొనెను. ఆ వ్రాఁత రోమనులకు సరిపడదు.

మొదటిది 'ఫేలిక్స్'. భాగ్యవంతుఁడని దీని ప్రసిద్ధార్థము. అయినను ప్రాచీనుఁడగు కేటో ఫలించు చెట్లను ఈ పదముతోఁ బేర్కొనెను. కాయలు కాయనిది 'ఇన్‌ఫేలిక్స్'. పూర్వము రాజద్రోహికి ఉరి యట్టి చెట్టుననే. దీని ధాతువునకు పాలు త్రాగుట, పాలిచ్చుట యని యర్థము. పుత్రుఁడను 'ఫీలియుస్', స్త్రీ యను 'ఫేమినా' దీని తోఁబుట్టువులు. మనకుఁ జిరపరిచితమగు 'ధేను' శబ్దమును ఈ కుటుంబములోనిదే! కావున 'ఫేలిక్స్' అనఁగా నవ్వుచున్నవాఁడు కాఁడు. చేపట్టిన పని ఫలించువాఁడు. శత్రువుల పేళ్లు పట్టికలుగాఁ బ్రకటించి చంపించిన సుల్లా ఈ పదమునే బిరుదుగా ధరించెను. మంచితనముతో దానికిఁ బని లేదన్నమాట.

రెండవది 'బెయాతుస్': సుఖపెట్టఁబడినవాఁడు, కొఱఁత లేనివాఁడు. ధనవంతుఁడనియు నర్థము కలదు. కొండమీఁది ప్రసంగమున మన బైబిలులో 'ధన్యులు' అని యున్నచోట లాటిను బైబిలులో ఈ పదమే యున్నది. 'ధన్య' శబ్దమును ధనమునుండి పుట్టినదే కదా. దీనులకు ఈ పేరు పెట్టుటలోని యాశ్చర్యము రెండు భాషలలోను నిలిచినది. ఈ విశేషణమునుండి భావనామము కావలసి, క్రీ. పూ. 45లో సిసెరో 'బెయాతితాస్', 'బెయాతితూదో' అను రెండు రూపములు చెప్పి, రెండును చెవికిఁ గటువులే యని తానే యొప్పుకొనెను.

'గౌదియుమ్' అనునది వివేకముతోఁ గూడిన నెమ్మదియైన యానందమనియు, 'లైతితియా' హద్దు మీఱిన యుల్లాసమనియు అతఁడే వేఱొకచోట విభజించెను. అది తత్త్వవేత్తల విభాగము. జనులు అంత పాటించినట్లు లేదు.

ఈ 'లైతితియా'కు మూలమగు 'లైతుస్' అను పదమే నాకుఁ బ్రియమైనది. పల్లెవారు సయితము పైరులను 'లైతుస్' అందురని క్రీ. పూ. 55లో సిసెరో వ్రాసి, దానిని రూపకముగా నెంచెను. మనుష్యుని సంతోషమును పైరున కారోపించిరని యతని తలఁపు. వర్జిలు తన కృషికావ్యపు తొలి పంక్తిలోనే పైరులకు ఈ విశేషణమును వాడెను. సిసెరో ఇచ్చటఁ దలక్రిందులుగాఁ జూచెనని నా యభిప్రాయము. ఏలయన, లాటినులో ఎరువునకు 'లైతామెన్' అని పేరు. ఇటలీలో నేఁటికిని పెంటను 'లేతామె' అందురు. ఉల్లాసమునుండి పెంటకుఁ బేరు వచ్చె ననుటకంటె, నేల బలిసి పైరు కళకళలాడుటయే తొలి యర్థమనియు, మనుష్యుఁడే ఆ మాటను పొలమునుండి యింటికిఁ దెచ్చికొనె ననియుఁ జెప్పుట యుక్తము. పెక్కుమంది పండితులును ఇట్లే తలంతురు.

ఆ విద్యార్థి తండ్రి వ్యవసాయకుఁడు. మఱునాఁడు అతఁడు పుస్తకము తెచ్చి, 'లైతుస్' ఎదుట "ఏపుగా నున్నది" అని వ్రాయవచ్చునా, అయ్యగారూ, అని యడిగెను. వ్రాయుమంటిని.