పాత డీజిల్ వ్యానుకు టర్బో బిగించవచ్చా?

నలుగురు రైతులు కలిసి కొనుక్కున్న పాత డీజిల్ వ్యాను మీకూ ఉండవచ్చు. కూరగాయల ట్రేలు నిండా ఎక్కించి తెల్లవారుజామున ఎర్రగడ్డ రైతుబజారుకు బయలుదేరితే, ఎత్తు వచ్చిన చోటల్లా సెకండు గేరులోకి దిగిపోతుంది. వెనక నల్లపొగ. షెడ్డుకు తీసుకెళ్తే "టర్బో వేయించు అన్నా, బండి లేడిలా దూకుతుంది" అంటాడు మెకానిక్. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతాది కూడా తెలుసుకుని డబ్బు తీయండి.

టర్బో ఉన్న ఇంజనుకూ లేని ఇంజనుకూ తేడా కళ్లారా చూడాలంటే రైతుబజారు నుంచి కాస్త దూరంలోనే ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ వైపు వెళ్లండి. అక్కినేని నాగేశ్వరరావు 1975లో అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టిన నాటికి అదంతా బండలూ గుట్టలే. సినిమా వాళ్లు వచ్చి ఇళ్లూ స్టూడియోలూ కట్టుకున్నారు గానీ గుట్టలు గుట్టలుగానే ఉన్నాయి. రోడ్లు ఎక్కడం, దిగడమే. లైట్లు, ట్రాలీలు, పట్టాలు వేసుకుని యూనిట్ వ్యాన్లు ఆ ఎత్తులు ఎక్కాలి. వాటి వెనకాల జనరేటర్ వ్యాను. టర్బో సంగతి అర్థం చేసుకోవడానికి ఈ జనరేటర్ వ్యానే మంచి పాఠం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఇంజను శ్వాస సంగతి. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. పొగ లేకుండా కాలాలంటే ఇంకా ఎక్కువే కావాలి. గాలి చాలకపోతే సగం కాలిన డీజిలే నల్లపొగగా బయటికి వస్తుంది. అంటే మీరు డబ్బు పోసి కొన్న నూనె రోడ్డు మీద పోతోందన్న మాట. టాటా 407లో వచ్చిన పాత 497 ఇంజనునే తీసుకోండి. పేరులోనే లెక్క ఉంది. 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. మొత్తం పరిమాణం సుమారు 2,956 సి.సి. ఇలాంటి ఇంజను తన పిస్టన్ల బలంతో ఎంత గాలి పీల్చగలిగితే అంతే. దానికి తోడు మన హైదరాబాదు సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. ప్రతి వంద మీటర్ల ఎత్తుకు గాలి ఒక శాతం దాకా పలుచబడుతుంది. కాకినాడలో లాగిన బండి ఇక్కడ కాస్త బద్ధకించడానికి ఇదీ ఒక కారణం.

టర్బో చేసే పని చాలా సింపుల్. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగను దారి మళ్లించి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని లాగి ఒత్తిడితో ఇంజనులోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతోనే పని జరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అదే దేశంలోని సౌరర్ కంపెనీ 1938లో లారీ ఇంజనుకు పెట్టింది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి పొగ నిబంధనలు ఒక్కో మెట్టూ బిగిసేకొద్దీ కంపెనీలు లారీలకు, వ్యాన్లకు టర్బోలను ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం పెరిగింది. మన సమస్య అంతకు ముందు తయారైన బళ్లతోనే.

ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతాయి. ఆ వేగానికి బాల్ బేరింగు కాదు, చాలా టర్బోల్లో ఇరుసు ఇంజనాయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిలు ఒక్క క్షణం అందకపోయినా, మురికిదైనా టర్బో ఖతం. ఈ మాట గుర్తుంచుకుంటే సగం పాఠం వచ్చినట్లే.

ఇప్పుడు "లేడిలా దూకుతుంది" అన్న మాటను తూచి చూద్దాం. పాత ఇంజనుకు టర్బో పెడితే సాధారణంగా అర బార్ ఒత్తిడికి మించనివ్వరు. అంటే ఒత్తిడి సగం పెరిగింది. మరి గాలి కూడా సగం పెరిగిందా? లేదు. సైకిలు పంపు కొడుతుంటే కింద వేడెక్కినట్లే, నొక్కిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయట 35 డిగ్రీలు ఉంటే లోపలికి పోయే గాలి 90 డిగ్రీల దాకా వెళుతుంది. చివరికి బరువు లెక్కన అదనంగా దక్కే గాలి సుమారు నాలుగో వంతు. ఆ గాలిని చల్లబరచడానికే కొత్త బళ్లలో రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ పెడతారు.

గాలి ఒక్కటే పెరిగి డీజిల్ పెరగకపోతే పొగ తగ్గుతుంది, బండి కాస్త హాయిగా నడుస్తుంది, అంతే. బలం రావాలంటే ఫ్యూయల్ పంపులో డీజిల్ పెంచాలి. ఫ్యాక్టరీ టర్బో ఇంజను పంపు మీద గాలి ఒత్తిడిని బట్టి డీజిల్ పెంచే చిన్న డబ్బా ఉంటుంది. షెడ్డులో ఆ డబ్బా పెట్టేవాడు తక్కువ. స్క్రూ తిప్పి మొత్తంగా పెంచేస్తాడు. అప్పుడు టర్బో ఇంకా ఊపు అందుకోని తక్కువ వేగంలో మళ్లీ నల్లపొగే. ఎత్తు మీద నిండు బరువుతో లాగుతుంటే పొగ వేడి హద్దు దాటుతుంది. టర్బోకు ముందు పొగ వేడి 700 డిగ్రీలు మించనివ్వకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పిస్టన్ అల్యూమినియం మిశ్రమంతో చేసిందే. ఇన్నాళ్లూ అది కరగకుండా ఉన్నది ప్రతి చుట్టులో చల్లగాలి తగిలి, రింగుల ద్వారా వేడి లైనర్‌లోకి పోవడం వల్లనే. అందుకే కంపెనీ తన టర్బో ఇంజనులో పిస్టన్ కిందికి ఆయిలు చిమ్మే జెట్లు పెడుతుంది. కంప్రెషన్ కాస్త తగ్గిస్తుంది. గట్టి హెడ్డు గ్యాస్కెట్, పెద్ద ఆయిలు పంపు, పెద్ద రేడియేటరు ఇస్తుంది. మీ పాత ఇంజనులో ఇవేవీ ఉండకపోవచ్చు. టర్బో ఒక్కటే తెచ్చి తగిలించడం, బక్క ఎద్దుకు మోటు కాడి వేసినట్లే.

జనరేటర్ వ్యాను దగ్గరికి వద్దాం. షూటింగులో లైట్లకు 50 సైకిళ్ల కరెంటు కావాలి. అందుకోసం దాని ఇంజను సాధారణంగా నిమిషానికి 1,500 చుట్ల మీదే, పెరగకుండా తగ్గకుండా, గంటల తరబడి నడుస్తుంది. బరువూ దాదాపు ఒకే తీరు. పొగ ఒకే వేగంతో వస్తుంది కనుక టర్బో ఎప్పుడూ ఊపులోనే ఉంటుంది. చిన్న ఇంజనుతో పెద్ద పని అవుతుంది. టర్బోకు ఇంతకంటే తగిన కొలువు లేదు. మన కూరగాయల వ్యాను సంగతి అలా కాదు. ఆగడం, కదలడం, స్పీడ్ బ్రేకర్, మళ్లీ ఆగడం. టర్బో ఊపందుకునే లోపే బ్రేకు తొక్కాలి. తిరిగే సమయంలో ఎక్కువ భాగం అది ఊరకే ఉంటుంది.

డబ్బు లెక్క కూడా వేద్దాం. లెక్క కోసం ఊహించుకున్న అంకెలివి, మీ బండి అంకెలు మీరు వేసుకోండి. రోజుకు రానూపోనూ 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. మొత్తం 1,500 కిలోమీటర్లు. లీటరుకు 10 ఇస్తే 150 లీటర్లు. టర్బో వల్ల నూటికి 5 వంతులు ఆదా అయిందనుకున్నా నెలకు ఏడున్నర లీటర్లు, లీటరు వంద రూపాయలైతే 750 రూపాయలు. బిగింపుకు, పంపు సెట్టింగుకు, పైపులకు కలిపి 60 వేలు అయ్యాయనుకుంటే, అసలు తిరిగి రావడానికి 80 నెలలు. అంతదాకా ఆ పాత ఇంజను ఉంటుందా? ఇది మీకే తెలియాలి.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ సర్వేయరు ఇంజను మీద చెప్పని మార్పు చూస్తే క్లెయిము చిక్కుల్లో పడవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, అక్కడా అడగవచ్చు. కనుక ముందుగా ఆర్‌టీఏ కార్యాలయంలో కాగితం మీద అడిగి, జవాబు వచ్చాకే పని పెట్టుకోండి. అదే మోడలుకు కంపెనీ చేసిన టర్బో ఇంజను మొత్తంగా మార్చాలన్నా అనుమతి తీసుకుని, ఆర్.సి.లో కొత్త నెంబరు ఎక్కించాలి. నా మటుకు నాకు, వేయాల్సి వస్తే ఇదే పద్ధతి.

అసలు టర్బో దాకా పోకముందు చేయవలసినవి ఉన్నాయి. నల్లపొగ వస్తున్న పాత బళ్లలో చాలావాటికి జబ్బు గాలి ఫిల్టరులోనో నాజిళ్లలోనో ఉంటుంది. ఫిల్టరు మార్చండి. నాజిళ్లు తీయించి ప్రెషరు పెట్టి పరీక్ష చేయించండి. ట్యాపెట్లు సరిచేయించండి. పంపును బెంచి మీద కాలిబ్రేషను చేయించండి. కంప్రెషన్ కొలిపించండి. ఒక సిలిండరు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే టర్బో మాట మరచిపోండి, ముందు బోరు, రింగులు చూసుకోవాలి. టైర్లలో గాలి, జామ్ అయిన బ్రేకులు కూడా బండిని గుంజుతాయి. ఇవన్నీ చేసినా టర్బో ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. బీఎస్-4కు ముందటి డీజిల్ బండికి పొగ పరీక్షలో హద్దు 65 యూనిట్లు. ఈ పనులకు ముందొకసారి, తర్వాత ఒకసారి కొలిపిస్తే తేడా అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇంత చెప్పినా కొందరు బిగిస్తారు. ఇప్పటికే టర్బో బిగించి ఉన్న సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లూ ఉంటారు. వాళ్లు ముఖ్యంగా చూడవలసింది టర్బో నుంచి ఆయిలు కిందికి దిగే పైపు. పైకి వచ్చే పైపు సన్నగా ఉన్నా ఫర్వాలేదు. కిందికి దిగేది లావుగా, వంపులు లేకుండా, దాదాపు నిట్టనిలువుగా వచ్చి, ఛాంబరులో ఆయిలు మట్టానికి పైన కలవాలి. అది మెలిక తిరిగితే ఆయిలు టర్బోలో నిలిచి, సీళ్లు దాటి నీలిపొగ వస్తుంది. గాలి పైపు ఊడదీసి వేలు పెట్టి చక్రాన్ని కదిపి చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడే సుమా. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం. గోడకు తగిలేంత ఆడితే, ముందుకు వెనక్కు జరిగితే అది పోయినట్లే. చక్రం రెక్కల అంచులు అరిగి ఉంటే ఫిల్టరు లేకుండా దుమ్ములో తిరిగిన బండి అని అర్థం. మన మట్టి రోడ్ల మీద ఇది మామూలే. స్టార్టు చేయగానే రేసు ఇవ్వకండి, అర నిమిషం ఆగండి. ఎత్తు ఎక్కి వచ్చి ఆపేటప్పుడు రెండు నిమిషాలు మెల్లగా నడవనిచ్చి తాళం తిప్పండి. లేకపోతే లోపలి ఆయిలు మాడి బొగ్గవుతుంది.

ఎక్కడం గురించే అందరూ మాట్లాడతారు, దిగడం సంగతి ఎవరూ ఎత్తరు. టర్బో బలం పెంచుతుంది గానీ బ్రేకులను పెంచదు. ఫిల్మ్ నగర్ దిగుడు లాంటి చోట బరువు బండిని న్యూట్రల్‌లో వదలడం మహా ప్రమాదం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

మరో ప్రమాదం కూడా చెప్పాలి. టర్బో సీళ్లు తెగితే ఇంజనాయిలు నేరుగా గాలి దారిలోకి పోతుంది. డీజిల్ ఇంజనుకు అదీ ఇంధనమే. దట్టమైన పొగతో ఇంజను తనంతట తానే పేలిపోయేలా రేసు అందుకుంటుంది. తాళం తిప్పినా, పంపు ఆపినా ఆగదు. డ్రైవరు సీట్లో ఉంటే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్ ఒక్కసారిగా వదలాలి. బండి కింద ఉన్నవాళ్లు గాలి లోపలికి పోయే నోటికి చెక్కో, రేకో అడ్డం పెట్టి మూయాలి. చేయి, గుడ్డ పెట్టవద్దు, లోపలికి లాగేసుకుంటుంది. రెండూ వీలుకాకపోతే మనుషులందరినీ దూరంగా పంపి వదిలేయండి. బండి నడిపే కుర్రవాడికి ఈ నాలుగు మాటలూ ముందే చెప్పి ఉంచండి.