నీకు పేరు పెట్టేది ఎవరు?

వాక్యభాగము: దానియేలు 1:1–16

బబులోనుకు చెరగా వెళ్లిన నలుగురు యూదా యౌవనులకు కల్దీయుల భాష, విద్య నేర్పించారు. వారి పేర్లూ మార్చారు. “దేవుడు నా న్యాయాధిపతి” అని అర్థమిచ్చే పేరున్న దానియేలుకు రాజు దేవత పేరును బట్టి బెల్తెషాజరు అని పేరు పెట్టారు.

నేడు మన ఇళ్లలో ఆ పని ఫోన్ చేస్తోంది. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో యాప్ లెక్కిస్తుంది, అలాంటివే మళ్లీ చూపిస్తుంది. మనల్ని ఇంకాసేపు కూర్చోబెట్టడమే దాని ఉద్దేశం. చూడగా చూడగా “అందంగా లేను”, “మా రంగు, మా భాష తక్కువ” అన్న మాటలే పిల్లలకు పేర్లయి అంటుకుంటాయి. రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు ఆందోళన, కుంగుబాటు వంటి సమస్యల ముప్పు రెట్టింపని అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023లో హెచ్చరించారు.

దానియేలు బబులోను విద్యను కాదనలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీసుకున్నాడు; ముగ్గురు స్నేహితులు అతనితో నిలిచారు.

తల్లిదండ్రులారా, ఫోన్ లాక్కుంటే సరిపోదు. రాత్రి భోజనం దగ్గర మన ఫోన్లు కూడా పక్కన పెడదాం. “ఈరోజు ఏం చూశావు? చూశాక నీ గురించి నీకేమనిపించింది?” అని కోపం లేకుండా అడుగుదాం. యౌవనులారా, దేవుడు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాడు (యెషయా 43:1). లైకులు లెక్కపెట్టి కాదు.

ధ్యానించండి: ఈ వారం మీరు గీసుకోవలసిన గీత ఏది? మీతో నిలబడే స్నేహితులు ఎవరు?