మగపిల్లల్ని బయటికి పంపకు

తెనాలి

చిట్టికి,

నీ ఉత్తరం చదివాక రాత్రి కంటిమీద కునుకు లేదు. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మగపిల్లల్ని ఆటలకు పంపేసి, ఆడపిల్లలకు మాత్రం చెప్పావా? "నవ్వుతారత్తా" అని రాశావు. నవ్వనీ తల్లీ. రెండు రోజులు నవ్వి వాళ్లే ఊరుకుంటారు.

1990లలో నేను గుంటూరు జిల్లాలో నర్సుగా ఉన్నప్పుడు ఆ పాఠంలోనే వచ్చే హెచ్‌ఐవీ ఎవరికైనా ఉందని తెలిస్తే చాలు, మంచం వరండా చివరికి జరిపేవాళ్లు. ఒక లారీ డ్రైవరు అలాగే పోయాడు. జబ్బు తెచ్చింది అతను. "మొగుణ్ణి మింగింది" అని చంటిబిడ్డతో సహా వాకిట్లోకి నెట్టింది మాత్రం భార్యని. "నిరోధ్ వాడమని నేనెలా అడగను సిస్టర్? అడిగితే చంపెయ్యడూ!" అందా పిల్ల. సంగతి ఆమెకి తెలుసు. వినే మగాడే లేడు. అందుకే చెబుతున్నా, ఆ పాఠం అందరూ ఒకే గదిలో కూర్చుని వినాలి. అడగడం ఆడపిల్లలూ, వినడం మగపిల్లలూ అక్కడే నేర్చుకోవాలి.

నర్సింగు చదువుకి తాతయ్య వద్దంటే, మీ నాన్నే నన్ను సైకిలెక్కించుకుని స్టేషనుకి తీసుకెళ్లాడు. అలాంటి తమ్ముళ్లు నీ క్లాసులో లేరనుకున్నావా? వాళ్లనెందుకు బయటికి పంపుతావు?

భయపెట్టి మాత్రం చెప్పకు. 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ మింగుతూ, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, కలయిక వల్ల భాగస్వామికి సోకదు. గర్భిణి వేళకి వాడితే బిడ్డనీ కాపాడుకోవచ్చు. ఇవన్నీ మగపిల్లలకీ తెలియాలి, రేపు తండ్రులయ్యేది వాళ్లే.

అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆ అబ్బాయి పక్కన మధ్యాహ్న భోజనానికి ఎవరూ కూర్చోవడం లేదని రాశావు, నా గుండె చెరువైంది. కలిసి తింటే హెచ్‌ఐవీ అంటదు. వాడి సంగతి ఎవరు గుచ్చి గుచ్చి అడిగినా నీ నోట రాకూడదు. 2017లో చేసిన చట్టం అలా బయటపెట్టడాన్నీ, బడిలో వేరుగా చూడడాన్నీ ఒప్పుకోదు. రేపటి నుంచి కంచం పట్టుకుని నువ్వే వాడి పక్కన కూర్చో. పిల్లలు నిన్ను చూసే నేర్చుకుంటారు.

సన్నబడ్డావని నాన్న అన్నాడు. గోంగూర పచ్చడి పంపుతున్నాను, వేళకి తిను.

సోమవారం మగపిల్లల్నీ పిలిచి, ఆ పాఠం మొదటి పేజీ నుంచి మళ్లీ చెప్పు.

నీ మేనత్త