జీవామృతం పోసే ముందు నేల పదను చూడండి



పై వీడియోలో పాలిపోయి కనిపించే మొక్కజొన్న మాదే. వానలకి నల్లరేగడిలో నీళ్లు నిలిచి, అడుగు ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. నత్రజని తగ్గిందనుకుని ఆ నీళ్లలోనే జీవామృతం పోశాను. పైరు కోలుకోలేదు, ఆ చెక్కలో కంకులు సగమే నిండాయి. డిప్లొమాలో బట్టీ పట్టిన పాఠం అప్పుడుగానీ అర్థం కాలేదు.

మంచి నేల ఒక్క గ్రాములోనే కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. అన్నీ ఒకే పని చెయ్యవు. నత్రజని సంగతే చూద్దాం.

రైజోబియం జాతివి పప్పుజాతి పైర్ల వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టిస్తాయి. వేరుశనగ బుడిపెను గిల్లి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టే. అజటోబాక్టర్ ఏ మొక్కతోనూ జత కట్టకుండా నేలలో విడిగా ఉండి అదే పని చేస్తుంది.

పేడ, ఆకు అలము కుళ్లబెట్టేవి ఇంకో రకం. వాటి వల్ల అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రోసోమోనాస్ నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ నైట్రేట్‌గా మారుస్తాయి. వీటికి బెల్లం అక్కర్లేదు. ఆ మార్పులోనే శక్తి దొరుకుతుంది. కానీ గాలి ఉండి తీరాలి.

నీళ్లు నిలిస్తే ఏమవుతుంది? ఆక్సిజన్ గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. నేలలో ఉన్న కాస్త ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు సూడోమోనాస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు నైట్రేట్‌తో శ్వాసిస్తాయి. మన నత్రజని వాయువై గాల్లో కలిసిపోతుంది. వాటికీ తిండి కావాలి కదా, ఆ తిండి నేనే బెల్లం రూపంలో పోశాను! ఊపిరాడని వేర్లు మిగిలింది కూడా తీసుకోలేకపోయాయి.

"మరి వరిలో నీళ్లుంటాయిగా?" అంటారు. వరి తన ఆకుల నుంచి వేర్లకి గాలి పంపుకుంటుంది, నత్రజనిని ఎక్కువగా అమ్మోనియం రూపంలోనే తీసుకుంటుంది. మొక్కజొన్నకి ఆ ఏర్పాటు అంతగా లేదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ:

1. వానాకాలం ముందే పల్లం వైపు మురుగు కాలువ తీస్తాను. మొక్కజొన్న బోదెల మీదే వేస్తాను.
2. నీళ్లు నిలిస్తే ముందు వాటిని బయటికి తీస్తాను. మట్టిని పిడికిట్లో పిండితే నీరు కారకూడదు, వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. అప్పుడే ఎకరాకి 200 లీటర్ల జీవామృతం.
3. మట్టి వాసన చూస్తాను. తొలకరి వాసన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా చలవే, అది మంచి గుర్తు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందట్లేదని అర్థం.

అదను పదను విత్తనానికే కాదు, బ్యాక్టీరియాకీ ఉంటాయి. డ్రమ్ము కలిపే ముందు ఒకసారి పార పట్టుకుని చేలోకి వెళ్లండి.